నొప్పికి సాక్ష్యం

"నొప్పికి డబ్బులెలా ఇస్తామండీ? ఆవిడకు నొప్పే లేదుగా!" అన్నాడు ఆసుపత్రి లాయరు, తాపీగా.

కొడుక్కి ఒళ్లు మండిపోయింది.

"కడుపులో గడ్డ పెట్టుకుని మా అమ్మ ఏడాదిపాటు మీ డాక్టరు చుట్టూ తిరిగింది. ఒక్క స్కానింగ్ రాయలేదు! గ్యాసని చెప్పి మాత్రలిచ్చి పంపాడు. క్యాన్సరని తెలిసేసరికి ఇంకేముంది, అంతా అయిపోయింది!"

"ఆలస్యం జరిగింది, ఒప్పుకున్నాం. ప్రాణానికి ఇంతని ఇస్తున్నాం కూడా. బాధ వేరే పద్దండీ. దానికి రుజువు కావాలి. అంత నొప్పని ఆవిడ చెప్పినట్టు మా రికార్డుల్లో లేదు."

ప్రాణం ఒక పద్దట, బాధ ఇంకో పద్దట! కూరగాయలు బేరమాడేవాడు కూడా ఇంతకంటే మొహమాటపడతాడు. పక్కన కూర్చున్న డాక్టరు మరీ ఘనుడు. ఎవరిదో చావు, తనకెందుకన్నట్టు ఫోన్ చూసుకుంటూ ముసిముసిగా నవ్వుకుంటున్నాడు. ఛీ, ఏం పుట్టుకలో! ఆ గదిలో ఇంక కూర్చోలేక చెల్లెలు లేచి నిలబడింది.

"మనకెందుకన్నయ్యా వీళ్లతో, పోదాం పద" అంది.

"నువ్వూరుకోవే! అమ్మ ఎంత నరకం పడిందో ఇవాళ వీళ్లు తమ కళ్లతో చూడాలి."

తన ఫోన్‌లో వీడియో పెట్టి బల్ల మీద పడేశాడు కొడుకు.

వంటింటి గచ్చు మీద తల్లి. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. "చచ్చిపోతున్నాన్రా... ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరా నాయనా... నీ కాళ్లు పట్టుకుంటా..."

డాక్టరు మొహంలో నవ్వు మాయమైంది. లాయరు పెన్ను కింద పెట్టేశాడు. అమ్మ బాధ గురించి అన్నయ్య చెబితే వినడమే గానీ, ఎక్కడో దూరాన కాపురముంటున్న చెల్లెలు ఎప్పుడూ కళ్లారా చూడలేదు. బావురుమంది.

"సరిపోయిందా రుజువు? ఇంకా కావాలా?" అని అరుస్తూ ఫోన్ తీసుకోబోయాడు కొడుకు.

లాయరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండండి, ఇంకా అవలేదు."

"అయిపోయిందండీ... ఇంకేం లేదందులో... ఇటివ్వండి!"

అప్పటికే ఫోన్‌లోంచి కొడుకు గొంతు, నవ్వాపుకుంటూ, గదంతా వినిపించింది.

"డాక్టరే ఏం లేదన్నాక నీ నాటకాలేంటమ్మా? ఏదీ, ఇంకోసారి దొర్లు... ఇందాక సరిగ్గా రాలేదు."