మూడు ఇంచులు

"కాళ్లు కోసెయ్యి! మూడు ఇంచులు!"

పాత కుర్చీలకు రంగేసి కొత్త బట్ట తొడిగే సిద్దిరాములు ఉలిక్కిపడ్డాడు. మాలతి తమ తండా పంచాయతీ ఆఫీసులోని టేకు కుర్చీని ఆటోలో వేసుకొని ఎల్లారెడ్డి దాకా తెచ్చింది.

"గట్లెట్ల అక్కా? సర్పంచ్ సాబ్ పొడుగు మనిషి. మూడు ఇంచులు కోస్తే మోకాళ్లు గదుమకు తగుల్తయ్."

"తగలనియ్యి."

"స్పంజి మంచిగనే ఉంది. బట్ట ఒక్కటి మారుస్త."

"మా ఆయన కూసున్న గుంట అట్లనే ఉంది, కనబడ్తలేదా? మొత్తం పీకి పారెయ్యి!"

ఆ అరుపుకు రోడ్డు మీద ఆటో ఎక్కుతున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

సిద్దిరాములు కాళ్లు కోశాడు. కొత్త స్పంజి పరిచి, మీద ఎర్ర బట్ట బిగించాడు. మాలతి కూర్చుని చూసింది. పాదాలు నేలకు ఆనాయి.

ఇక రంగు డబ్బా మూత తీస్తూ అతను అడిగాడు. "వెనక సర్పంచ్ అని రాయమని సాబ్ ఫోన్ చేసిండు. ఆయన పేరు పూర్తిగ రాయాల్నా అక్కా?"

"ఆయన పేరెందుకు రాస్తవ్? ఓట్లేసి గెలిపించింది నన్ను!" మాలతి కుర్చీలోంచి లేవలేదు. "గెలిచినకాడి నుంచి గీ కుర్చీల ఇయ్యాల మొదటిసారి కూసున్న."