కార్డు పెట్టని స్లాట్

శ్రీకాకుళంలోని మా కొట్లో హరిబాబు గారు రిపేరుకిచ్చిన ల్యాప్‌టాప్‌లో ఎంత వెతికినా లోపం దొరకలేదు. పక్కనున్న ఖాళీ కార్డు స్లాట్‌లో మాత్రం కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది. గీకెయ్యబోయాను.

నా భార్య రాణి చెయ్యి పట్టేసుకుంది. "తీసీకు మావా! రీగ గూడు కట్టిన సోట బిడ్డ పుడతాది. ఇన్నేళ్ళలో మన గడప తొక్కిందేటి ఒక్క రీగైనా?"

"ఒసే, అది కట్టింది ఆయన ల్యాప్‌టాప్‌లో!"

"ఇప్పుడు మన కొట్లోనే ఉన్నాది కదా!"

సాయంత్రం హరిబాబు గారొచ్చారు. గూడు ఇంకా తియ్యలేదని నసిగాను. ఆయన కొట్టు మెట్టు కూడా ఎక్కలేదు.

"తియ్యకు బాబూ, ల్యాప్‌టాపు నువ్వే ఉంచీసుకో. దానికి రోగమేటీ నేదు, ఇంట్లోంచి పంపించీడానికే తెచ్చాను. గూడు కట్టినప్పుడల్లా ఆ స్లాటు పనిసేసింది. మాకిప్పటికే ఐదుగురు!"