వట్టి తాలింపు

కొత్త పని రాగానే, పెళ్లిపత్రికలకు బొమ్మలు గీసే సువర్చల మూకుడులో నూనె పోసి ఆవాలు చిటపటలాడించింది. ఆ వీధిలో ఫ్రీలాన్సర్లందరూ చేసేదే. గోడమీది రేటుయంత్రం ఇంటి వాసనల్ని, మాటల్ని పసిగట్టి రేటు కడుతుంది. ఇంట్లో కటకట ఉందంటే సగానికి కోసేస్తుంది. గతిలేనివాళ్లు ఎంతకైనా ఒప్పుకుంటారని దానికి బాగా తెలుసు.

"కాస్త గట్టిగా నవ్వండి అత్తయ్యా, కడుపు నిండినట్టు."

ముసలావిడ పాపం పగలబడి నవ్వింది.

యంత్రం మర్యాదగా పలికింది. "తాలింపు వాసన వచ్చిందండీ. అన్నం ఉడికిన వాసన రాలేదు. మీకు సగం రేటు. డబ్బు పెళ్లయ్యాక."

"ఈసారి అన్నం కూడా వండి చూడవే," అంది అత్తయ్య ఆయాసపడుతూ.

"బియ్యముంటే ఈ తాలింపెందుకు అత్తయ్యా?" అని సువర్చల 'సరే' నొక్కింది.