రెప్పపాటు ప్రయాణం

అమ్మను ఆ యంత్రంలో కూర్చోబెట్టడానికి ఆమె ఒక పట్టాన ఒప్పుకోలేదు.

మనిషిని ఒక ఊళ్లో అణువణువుగా విడగొట్టి, ఇంకో ఊళ్లో మళ్లీ పేర్చే యంత్రం అది. ఎవరో కనిపెట్టి ఉంటే నవ్వేసి ఊరుకునేది. కనిపెట్టింది కట్టుకున్నవాడే.

"అక్కడ విడిపోయిన మనిషీ, ఇక్కడ తేలే మనిషీ ఒక్కరేనంటారా?"

"నన్ను చూడు. వారం వారం లాబ్ నుంచి అందులోనే వస్తున్నానా? నీ మొగుణ్ని కాకుండా పోయానా?"

అదీ నిజమే. మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆపి, తమ తొలి పోట్లాట దేని గురించో చెప్పించింది. గడ్డం కింద మచ్చ తడిమింది. అన్నీ సరిపోయాయి, గురకతో సహా. కాకపోతే వచ్చిన ప్రతిసారీ చొక్కా నలిగి, నడుం పట్టేసి ఉండేది.

"అణువులు సర్దుకోవద్దూ? ఆమాత్రం ఉంటుంది," అనేవాడు కాపడం పెట్టించుకుంటూ.

అమ్మ ఉండేది లాబ్ ఉన్న ఊళ్లోనే. అంత దూరం రోడ్డు ప్రయాణంలో కుదుపులు ఆవిడ గుండె తట్టుకోలేదని డాక్టరు తేల్చేశాడు. అమ్మను చూడక ఏడాది దాటింది. చివరికి ఆమె సరేనంది.

శనివారం పొద్దున ఆమె ఈ ఊళ్లో యంత్రం ఉన్న కేంద్రానికి వెళ్లి, దాని తలుపు ముందు నిలబడింది. తలుపు తెరుచుకుంది. అమ్మ నడిచి వచ్చింది. జుట్టు కూడా చెదరలేదు.

"ఏమిటే, అంత చిక్కిపోయావు?"

ఆ గొంతు అమ్మదే, ఆ దబాయింపూ అమ్మదే. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"నడుం నొప్పిగా ఉందా అమ్మా?"

"నొప్పెందుకే? ఇలా కూర్చున్నాను, అలా లేచాను. అల్లుడే దగ్గరుండి ఎక్కించాడు. వెనకే వస్తానన్నాడు."

వెనకే వస్తానన్న మనిషి సాయంత్రానికి గానీ ఇల్లు చేరలేదు.

"ఒకరిని పంపాక యంత్రం చల్లారాలి కదా," అని నడుం పట్టుకుని స్నానానికి వెళ్లాడు.

హాల్లో అమ్మ టీ తాగుతూ కర్టెన్లకు వంకలు పెడుతోంది. ఇన్నాళ్లూ లేనిపోని అనుమానాలు పడ్డందుకు ఆమెకు తన మీద తనకే నవ్వొచ్చింది.

బెల్ మోగింది. గుమ్మంలో ఎవరో కొత్తాయన. చేతిలో భర్త గొడుగు.

"సార్ సీటు కింద మర్చిపోయారమ్మా," అన్నాడాయన. "వారం వారం ఈ వీధి చివరే దిగుతారు కదా, మా బస్సు."