సున్నం గుర్తు

మడుగులో దిగే పక్షులకు ఏ చెట్లు అడ్డమో చూసి, వాటికి సున్నం గుర్తు పెట్టడం కొంగ పని. దాని చుట్టూ తిరిగి తిరిగి పరజపిట్ట కాళ్లు అరిగిపోయాయి.

"కొంగ మామా, ఆ మొండి తాడి సరిగ్గా మేం దిగే దారిలోనే ఉంది. మంచు పడితే కనపడదు. నా పిల్లలు ఇప్పుడిప్పుడే ఎగురుతున్నారు."

"ఎవరైనా తగిలారా?"

"ఇంకా లేదు."

"ఎవరూ తగలకుండా అడ్డమని ఎలా అంటామమ్మా? తాతల నాటి పద్ధతి ఇది."

మర్నాడు మంచులో పెద్దపిల్ల ఆ తాడికి గుద్దుకుని రాలిపోయింది. కొంగ వెంటనే వచ్చి శ్రద్ధగా గుర్తు పెట్టింది.

"చూశావా, ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యలేదు," అంది.

పరజపిట్ట తలెత్తి మడుగు చుట్టూ చూసింది. గుర్తు లేని చెట్లు ఇంకా చాలా ఉన్నాయి. పిల్లలు ఇద్దరే మిగిలారు.