గాలి తీయడం

"గాలి తీసి ఇస్తేనే రీసైక్లింగుకి తీసుకుంటారట నాన్నా," అంటూ మా అమ్మాయి బుడగల కవరును హాల్లో పరిచి, దాని మీద గెంతింది. వాళ్ళమ్మ ఫోటో ఫ్రేముకి చుట్టి వచ్చిన కవరది.

నేనూ చెప్పులు విడిచి ఎక్కాను. బుడగలు టపటపా పేలుతుంటే ఇద్దరం పడీ పడీ నవ్వాం.

లోపలి గది తలుపు తెరుచుకుంది. కూతురు పోయినప్పటి నుంచీ నోరు విప్పని మా అత్తయ్య కర్ర పట్టుకుని నిలబడింది. నా కాలు గాల్లోనే ఆగిపోయింది.

"ఇది పనే అమ్మమ్మా," అంది అమ్మాయి, నవ్వు మింగుతూ.

"తప్పయింది అత్తయ్యా, తీసేస్తాం," అన్నాను.

"చిన్నప్పుడు మీ అమ్మా ఇంతేనే. నాకొక్క బుడగ మిగిల్చేది కాదు." ఆవిడ కర్రను గోడకు ఆనించి, నా భుజం పట్టుకుంది. "జరుగు బాబూ, ఈ వరస నాది."