సూపర్‌వైజర్ షెన్ మంచితనం

చైనాలోని దొంగ్వాన్ నగరంలో ఒక బ్యాటరీల ఫ్యాక్టరీలో ప్రతి సూపర్‌వైజర్ చేతికీ ధర్మకంకణం ఉంటుంది. అది వాళ్ల మాటలన్నీ రికార్డు చేస్తుంది; కిందివాళ్లను కసిరినా, తిట్టినా ఎర్రబడుతుంది. మూడుసార్లు ఎర్రబడితే ఉద్యోగం పోతుంది. షెన్ కంకణం మూడేళ్లలో ఒక్కసారి కూడా ఎర్రబడలేదు.

ఒకరోజు అతను తన లైనులో ప్రెస్సు నడిపే యూచిన్‌తో మెత్తగా అన్నాడు: "ప్రెస్సుకున్న అడ్డురేకు తీసేస్తే పని త్వరగా అవుతుంది కదమ్మా. మీ ఇష్టమే. కానీ మీ వల్ల తోటివాళ్లు వెనకబడితే నాకు బాధగా ఉంటుంది."

చేతులు లోపలికి పోకుండా కాపాడే ఆ రేకును ఆమె తీసేసింది. మర్నాడే ప్రెస్సు కింద ఆమె రెండు వేళ్లు తెగిపోయాయి. విచారణలో కంకణం వినిపించిన మాటల్లో తప్పేమీ దొరకలేదు. నిర్లక్ష్యం యూచిన్‌దేనని రాశారు.

నెల తర్వాత ఆమె కట్టుతోనే పనికి వచ్చింది. షెన్ నారింజపళ్ల సంచితో ఎదురొచ్చాడు.

"మీ క్షేమమే నాకు ముఖ్యం, యూచిన్‌గారూ."

"రేకు తీయమన్నది మీరా, కాదా?"

"మీరింకా కోలుకోవాలి. కూర్చోండి."

"అవునో కాదో చెప్పండి."

లైనులో ముప్పైమంది ఇటే చూస్తున్నారు. షెన్ ముఖం కందిపోయింది. కంకణం ఊడబెరికి బల్ల మీదికి విసిరాడు.

"అవునే, నేనే తీయమన్నాను! నీ ఒక్కదాని వల్ల నా లైనంతా వెనకబడింది. ఏం చేస్తావ్?"

యూచిన్ బెదరలేదు. "మూడేళ్లలో మీరు నాతో నిజం చెప్పడం ఇదే మొదటిసారి" అంది.

పక్క ప్రెస్సు దగ్గరి ముసలి గువో స్విచ్చి ఆపాడు. "నేను విన్నాను. ఎక్కడైనా చెబుతాను" అన్నాడు. అతని వెనక ఒక్కొక్క స్విచ్చే ఆగుతూ వచ్చింది. ఆ రోజు ఆ లైను మళ్లీ నడవలేదు.